హైదరాబాద్ ప్రముఖుల జాబితాలో లేని వీధులు

(విద్యార్థుల అధ్యయన వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహక మిత్రులు నాకిచ్చిన అంశం "హైదరాబాద్ నగర ప్రముఖులు". పోటీ పరీక్షల పుస్తకంలో అధ్యాయం పేరులా ఉందని ఫోన్లోనే నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే నా పీహెచ్‌డీ అంతా ఈ రెండు మూడు మాటల చుట్టూనే తిరుగుతోందని అర్థమైంది. ఒక మనిషిని ఈ నగరం ఎప్పుడు తనవాడంటుంది, ఎవరి విషయంలో ఆ మాట అనకుండా ఊరుకుంటుంది అన్నదే నేను కొన్నేళ్లుగా చదువుతున్నది.

ముందు అందరికీ తెలిసిన జాబితా చూద్దాం. సరోజినీ నాయుడు, మఖ్దూం మొహియుద్దీన్, శ్యాం బెనగల్, అజహరుద్దీన్, పి.వి. సింధు, సత్య నాదెళ్ల. ఇంకో పది పేర్లు మీరు చెప్పగలరు. వీళ్ల గొప్పతనంతో నాకు పేచీ లేదు. జాబితా తయారయ్యే పద్ధతి గురించే నా ప్రశ్న. పుట్టిన ఊరి గురించి ఈ జాబితాలు రాసేవాళ్లకు పెద్ద పట్టింపు లేదు. మఖ్దూం పుట్టింది మెదక్ వైపు ఆందోల్‌లో. ఆయన్ని హైదరాబాదీ అనడానికి ఎవరూ వెనకాడరు, వెనకాడాల్సిన పనీ లేదు. నగరం ఆయన్ని తయారు చేసింది, ఆయన నగరానికి పాట ఇచ్చారు. మరి ఇంత ఉదారమైన జాబితాలో, ఈ నగరంలోనే పుట్టి, ఈ నగరంలోనే బడులు పెట్టి, పత్రిక నడిపి, భవనం కట్టించిన మాదరి భాగయ్య ఎందుకు కనపడరు? కనపడితే "దళిత ప్రముఖులు" అనే వేరే అధ్యాయంలో కనపడతారు. అంటే ఆయన దళితుడు మాత్రమే, హైదరాబాదీ కాదన్నమాట.

మాదరి భాగయ్య అంటే భాగ్యరెడ్డి వర్మ. 1888 మే 22న పుట్టారు, 1939 ఫిబ్రవరిలో చనిపోయారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టేనాటికి ఆయన వయసు పద్ధెనిమిది. ఈ గదిలో ఉన్న చాలామంది కంటే చిన్నవాడు. హరికథలు చెప్పించి, వాటి మధ్యలో తాను చెప్పదలచుకున్నది చెప్పేవారు. తాగుడు మానండి, ఆడపిల్లల్ని జోగినులుగా వదలకండి, జాతరల్లో జంతుబలి ఆపండి, పిల్లల్ని బడికి పంపండి. 1911లో ఆ సంస్థే మాన్య సంఘం అయింది, తర్వాత ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. పేర్లు మారిన క్రమం గమనించండి. లోకానికి మిత్రులం అన్నారు, తర్వాత గౌరవనీయులం అన్నారు, చివరికి ఈ నేలకు మొదటివాళ్లం అన్నారు.

1917 నవంబర్‌లో బెజవాడలో పంచమ మహాసభ జరిగినప్పుడు అధ్యక్షత వహించడానికి హైదరాబాద్ నుంచి వెళ్లింది ఆయనే. పంచములనే మాట మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని ఆ సభ తన పేరే మార్చుకుంది. ఆ రోజుల్లో బెజవాడ బ్రిటిష్ ఇండియా, హైదరాబాద్ నిజాం రాజ్యం. ఆ సరిహద్దు దాటి వెళ్లిన ఒక హైదరాబాదీ కోస్తా ఆంధ్ర దళిత ఉద్యమానికి పేరు పెట్టిన సభను నడిపించాడు. ప్రాంతాల గొడవల్లో తలమునకలైన మనకు ఇది గుర్తుండాల్సిన సంగతి.

ఆయన బడుల దగ్గర కొంచెం ఆగుతాను. 1910లో ఇసామియా బజార్‌లో బడి పెట్టారు, లింగంపల్లిలో పెట్టారు. 1930ల మొదటికి అవి 26 అయ్యాయి. ఇవి తెలుగు బడులు. రాజభాష ఉర్దూ, పై చదువుల భాష ఇంగ్లీషు ఉన్న చోట, మాల మాదిగ వాడల పిల్లలకు వాళ్ల ఇంటి భాషలో అక్షరాలు నేర్పారు. హైదరాబాద్‌లో తెలుగు భాషా వికాసం గురించి రాసిన వ్యాసాలు నేను చాలా చదివాను. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంటుంది, ఉండాలి. ఈ బడులు మాత్రం ఉండవు. ఎవరో కావాలని కొట్టేశారని నేను అనను. భాషాసేవ అంటే గ్రంథాలయం, కవి సమ్మేళనం, పరిశోధక మండలి అని ముందే అనుకున్నవాళ్లకు, వాడలో పలకా బలపం పట్టించడం భాషాసేవలా కనపడలేదు. అంతకంటే పెద్ద కుట్ర అక్కర్లేదు.

ఆయన పత్రిక పేరు "భాగ్యనగర్". 1931 నాటి మాట. ఈ మధ్య ఆ పేరుతో రాజకీయం చేస్తున్నవాళ్లు ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు సందేహమే. "వెట్టి మాదిగ" కథ ఆయనదే. తెలుగులో దళితులు రాసిన తొలి కథల గురించి మాట్లాడేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం మనవాళ్లను ఆది హిందువులుగా నమోదు చేసింది. లెక్కల కాగితంలో ఒక గడి మారడం వెనక ఇరవై ఐదేళ్ల పని ఉంది. చాదర్‌ఘాట్‌లోని ఆది హిందూ భవన్ ముందు నుంచి మీరు బస్సులో ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు నా అసలు విషయానికి వస్తాను. ఈ నాయకులు నగరంలో ఎక్కడి నుంచి వచ్చారు? నేను సేకరించిన పేర్లను మ్యాపు మీద పెట్టి చూస్తే చార్మినార్ చుట్టూ చుక్కలు తక్కువ. ఎక్కువ చుక్కలు సికింద్రాబాద్‌లో పడతాయి. ఘాస్‌మండి, బోయిగూడ, చిలకలగూడ, బొల్లారం. ఎందుకని?

సికింద్రాబాద్ 1806లో సైనిక స్థావరంగా మొదలైంది. 1874లో రైలు వచ్చింది. పటాలం ఉన్నచోట వంటవాళ్లు కావాలి, బట్లర్లు, ఆయాలు కావాలి, గుర్రాలు చూసేవాళ్లు, చెప్పులు, జీనులు కుట్టేవాళ్లు కావాలి. పాయిఖానాలు ఎత్తేవాళ్లు కావాలి. రైలుకు కూలీలు, గ్యాంగ్‌మెన్, కళాసీలు కావాలి. ఈ పనులన్నీ ఎవరు చేశారో చెప్పక్కర్లేదు. కానీ వీటికి నెల జీతం ఉంది. జిల్లాల్లో, జాగీర్లలో అదే మనిషి దొర గడిలో వెట్టి చేస్తే గింజలు కొలిచి పోస్తారు, లేకపోతే అదీ లేదు. చేతికి నగదు వచ్చిన మనిషి సంఘానికి చందా ఇవ్వగలడు, పిల్లకు పలక కొనగలడు, దొర మొహం చూడకుండా నెల గడపగలడు. మిషనరీల బడులు, ఆసుపత్రులు కూడా ఆ చుట్టుపక్కలే వచ్చాయి.

కంటోన్మెంట్‌ను నేను స్వర్గం చేయడం లేదు. పటాలంలో కూడా పాయిఖానా ఎత్తిన చేతుల కులం మారలేదు. జీతం వచ్చింది, అంటు పోలేదు. అయితే ఆ కొద్దిపాటి సందులోంచే ఒక తరం బయటికి వచ్చింది. బాబాసాహెబ్ 1891లో పుట్టింది మౌ కంటోన్మెంట్‌లో, సైనిక పాఠశాలలో చదువు చెప్పిన సుబేదార్ ఇంట్లో. మౌ గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. బొల్లారం గురించి కూడా అలాగే మాట్లాడుకోవాలని నా కోరిక.

అరిగె రామస్వామి రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా పనిచేసినవారు. సికింద్రాబాద్‌లో సునీత బాల సమాజం పెట్టి పిల్లల్ని, యువకుల్ని కూడగట్టారు. ముదిగొండ లక్ష్మయ్య చెప్పుల వ్యాపారం నుంచి వచ్చి అరుంధతీయుల సంఘం నడిపారు. టికెట్ కలెక్టరు, చెప్పుల వ్యాపారి. నగర చరిత్ర పుస్తకాల్లో ఈ వృత్తుల వాళ్లకు మనుషులుగా చోటు ఉండదు, గుంపుగానే ఉంటుంది.

ఇక బి.ఎస్. వెంకట్రావు. ఆయన్ని అప్పట్లోనే హైదరాబాద్ అంబేద్కర్ అన్నారు. 1936 మే 30 నుంచి బొంబాయిలో మహర్ల మహాసభ జరిగింది. మతం మార్పు గురించి బాబాసాహెబ్ చేసిన ఆ సుదీర్ఘ ప్రసంగాన్ని మనలో చాలామంది తెలుగులోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో చదివాం. ఆ సభకు అధ్యక్షుడు ఎవరో చూశామా? మన సికింద్రాబాద్ వెంకట్రావు. మరాఠీ మాట్లాడే మహర్ల సభకు తెలుగు మాట్లాడే మాల నాయకుణ్ణి అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ఆ ఒక్క విషయం మీదే ఎవరైనా ఎం.ఫిల్ రాయొచ్చు. ఎం.ఫిల్ ఇప్పుడు ఎత్తేశారనుకోండి, అది వేరే బాధ.

వెంకట్రావు పేరు ఎందుకు మరుగున పడిందో చెప్పాలంటే 1947కి రావాలి. లాయఖ్ అలీ మంత్రివర్గంలో ఆయన విద్యామంత్రి. అణగారిన కులాల పిల్లల చదువు కోసం నిజాం ప్రభుత్వం నుంచి కోటి రూపాయల నిధి తెచ్చిన ఘనత ఆయనకే చెబుతారు. ఆ కాలపు కోటి. అదే సమయంలో రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు, ఊళ్లలో సాయుధ పోరాటం నడుస్తోంది. 1947 నవంబర్‌లో బాబాసాహెబ్ చాలా గట్టిగా ఒక ప్రకటన చేశారు. హైదరాబాద్ షెడ్యూల్డ్ కులాల వాళ్లు నిజాం పక్షం చేరి మన జాతికి చెడ్డపేరు తేవద్దన్నది దాని సారం. జె.హెచ్. సుబ్బయ్య నాయకత్వంలోని షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ కూడా వెంకట్రావుకు ఎదురుగానే నిలబడింది. అంటే "హైదరాబాద్ అంబేద్కర్" ఒక పక్క, అంబేద్కర్ మరో పక్క.

ఔరంగాబాద్‌లో పుట్టి హైదరాబాద్ రాజకీయాల్లో ఎదిగిన బి. శ్యాంసుందర్‌ది కూడా ఇలాంటి కథే. 1948 సెప్టెంబర్‌లో పారిస్‌లో భద్రతా మండలి ముందు హైదరాబాద్ కేసు వాదించడానికి వెళ్లిన బృందంలో ఆయన ఉన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత గుల్బర్గాలో భీమ్‌సేన పెట్టింది కూడా ఆయనే.

మన సభల్లో వీళ్ల గురించి రెండు రకాలుగా మాట్లాడుతుంటారు. ఒకరు 1947ను దాటేసి ఫొటోకు దండ వేస్తారు. ఇంకొకరు నిజాం మనిషి అని ఒక్క మాటతో కొట్టేస్తారు. నేను రెండూ చేయలేను. వెంకట్రావు ఎంపిక తప్పనే నేను అనుకుంటాను. రజాకార్ల మాట అటుంచినా, భూమి గురించి ఆ ప్రభుత్వం దగ్గర మనవాళ్లకు ఇవ్వడానికి ఏమీ లేదు. కానీ ఆయన ముందున్న లెక్కను కూడా చూడాలి. అవతలి వైపు స్టేట్ కాంగ్రెస్‌లో, ఆర్యసమాజంలో ముందున్నది ఎవరు? ఊళ్లో వెట్టి చేయించుకున్న కులాల వాళ్లే చాలామంది. రేపు రాజ్యం వాళ్ల చేతికి వస్తుందని తెలిసిన దళిత నాయకుడు, ఇవాళ్టి రాజు దగ్గర పిల్లల చదువుకు ఎంత దొరికితే అంత తీసుకుందాం అనుకున్నాడు. తప్పు చేసిన మనిషిగా కూడా ఆయన ఈ నగర చరిత్రలో ఉండాలి. నిజాంకు ప్రధానులుగా, దివాన్లుగా చేసినవాళ్ల పేర్లు ఈ నగరంలో వీధులకు, మ్యూజియంకు ఉన్నాయి. వాళ్లను ఎవరూ రాజభక్తులని కొట్టేయలేదు. 1953 జనవరి 12న ఉస్మానియా బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చిన సంగతి ఉస్మానియా విద్యార్థులకు తెలుసు. అదే ఏడాది వెంకట్రావు చనిపోయారన్నది మాత్రం ఎక్కువమందికి తెలియదు.

ఆడవాళ్ల విషయానికి వస్తే జాబితా ఇంకా పిసినారిది. ఈశ్వరీబాయి 1918లో చిలకలగూడలో పుట్టారు. అక్కడి నుంచే మున్సిపాలిటీకి గెలిచారు, బడి పెట్టారు. రిపబ్లికన్ పార్టీ నాయకురాలిగా 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు వెళ్లారు. కంచికచర్ల కోటేశును కాల్చి చంపిన ఘటన మీద ఒక మంత్రి నోరు జారితే, సభలోనే చెప్పు చూపించిన మనిషిగా ఆమెను మన పెద్దలు తలుచుకుంటారు. పత్రికల వాళ్లకు మాత్రం ఆమె చాలాకాలం "మాజీ మంత్రి గీతారెడ్డి తల్లి". తల్లి కావడం తప్పేమీ కాదు గానీ, ఆమెకు అంతకుముందే సొంత పేరు ఉంది.

టి.ఎన్. సదాలక్ష్మి పుట్టింది 1928లో, బొల్లారం పెన్షన్ లైన్స్‌లో, మెహతర్ కుటుంబంలో. మెహతర్ అంటే పాకీ పని చేసే కులం. ఆ ఇంటి పిల్ల ఆంధ్రప్రదేశ్ మంత్రి అయింది, దేవాదాయ శాఖ చూసింది. ఈ మాట కొంచెం నెమ్మదిగా వినండి. గుడి మెట్లు ఎక్కనివ్వని కులం నుంచి వచ్చిన మనిషి సంతకం కోసం గుళ్ల అధికారులు ఫైళ్లు పట్టుకుని నిలబడ్డారు. 1960 నుంచి 1962 వరకు ఆమె శాసనసభ డిప్యూటీ స్పీకర్. 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు వరుసలో ఉన్నారు. తర్వాత దండోరాకు అండగా నిలిచారు. గోగు శ్యామల "నేనే బలాన్ని" పేరుతో ఆమె బతుకు కథ రాయకపోయి ఉంటే, నా తరం వాళ్లకు ఆమె ఒక పాత ఫొటోగానే మిగిలేవారు.

పెన్షన్ లైన్స్ నుంచి తిరుమలగిరి కొన్ని కిలోమీటర్లే. తిరుమలగిరిలో 1934లో శ్యాం బెనగల్ పుట్టారు. ఆరేళ్ల తేడాతో ఒకే కంటోన్మెంట్ పిల్లలు. బెనగల్ "అంకుర్" తీశారు. హైదరాబాద్ దగ్గరి పల్లెలో ఒక దళిత స్త్రీ కథ అది. మంచి సినిమా, నాకిష్టం. నగర ప్రముఖుల జాబితాలో ఆ సినిమా తీసినాయన ఉన్నారు, అందులో నటించినవాళ్ల పేర్లు కూడా చెప్పుకుంటాం. ఆ సినిమా వచ్చే నాటికే మంత్రిగా, డిప్యూటీ స్పీకర్‌గా చేసిన అదే కంటోన్మెంట్ దళిత స్త్రీ లేరు. తెర మీది లక్ష్మి ఉంది, బొల్లారం సదాలక్ష్మి లేరు. ఒక సెమినార్‌లో ఈ పోలిక చెబితే, ఇది చరిత్ర కాదమ్మా, లోకల్ హిస్టరీ అన్నారు ఒక పెద్దాయన. సరోజినీ నాయుడు ఇల్లు లోకల్ హిస్టరీ ఎందుకు కాలేదో అడుగుదామనుకున్నాను. టీ విరామం ప్రకటించారు.

మనలో మనం మాట్లాడుకోవాల్సినది ఒకటుంది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ తర్వాత తెలంగాణ 59 షెడ్యూల్డ్ కులాలను మూడు గ్రూపులు చేస్తూ చట్టం చేసింది. వర్గీకరణ న్యాయమైనదన్నది నా అభిప్రాయం. ఇక్కడ విభేదించేవాళ్లు ఉన్నారని తెలుసు, దాని మీద విడిగా కూర్చుందాం. నన్ను ఆందోళన పెడుతున్నది వేరే విషయం. ఆ తర్వాత నేను చూస్తున్న పోస్టర్లలో, కరపత్రాల్లో ఫొటోలు కూడా వర్గీకరణ అవుతున్నాయి. ఒక హాస్టల్ గోడ మీద భాగ్యరెడ్డి వర్మ, వెంకట్రావు. ఇంకో గోడ మీద ముదిగొండ లక్ష్మయ్య. సదాలక్ష్మిని ఏ గోడ మీద పెడతారు? మెహతర్ల గోడ ఈ క్యాంపస్‌లో ఉందా? ఆ కులం నుంచి ఈ గదిలో ఎంతమంది ఉన్నారు?

దీనికి విరుగుడుగా కొందరు మిత్రులు, నాయకుల కులం రాయొద్దు, అందరినీ దళిత నాయకులు అందాం అంటున్నారు. అదీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో రెండు భాగాలుగా రాసిన ఉద్యమ చరిత్ర ఉంది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2020లో మళ్లీ వేసింది. హైదరాబాద్ దళిత ఉద్యమం మీద పనిచేసే ఎవరికైనా అదే మొదటి మెట్టు. ఆయన ఉద్యమంలో మనిషి, తనకు నచ్చనివాళ్ల మీద కోపం దాచుకోరు. కాబట్టి జాగ్రత్తగా చదవాలి. కానీ సంఘాలు ఎందుకు చీలాయి, మాల మాదిగల మధ్య ఏం జరిగింది, ఎవరు ఎవరిని వేదిక మీద అవమానించారు, అన్నీ దాచకుండా రాశారు. డెబ్బై ఏళ్ల కింద ఆయన రాయగలిగినదాన్ని ఇవాళ మనం దాచితే ఎలా? ఘాస్‌మండి మాల అని రాద్దాం, పెన్షన్ లైన్స్ మెహతర్ అని రాద్దాం, చెప్పుల బజారు మాదిగ అని రాద్దాం. అందరూ ఒకే పుస్తకంలో, ఒకే నగరం కింద ఉండాలి. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు కూర్చోనన్నారో కూడా అందులోనే ఉండాలి.

పని సంగతి చెప్పి ముగిస్తాను. భాగ్యరెడ్డి వర్మ గురించి ఆయన కొడుకు ఎం.బి. గౌతమ్ రాశారు, కాబట్టి కొంత మిగిలింది. సదాలక్ష్మికి శ్యామల దొరికారు. మిగతావాళ్ల కాగితాలు ఇళ్లలో ఉన్నాయి. ట్రంకు పెట్టెల్లో, అటక మీద, కొన్ని పాత ఇళ్లు కూలగొట్టినప్పుడు పాతసామాన్ల వాళ్ల దగ్గర. సభ ఆహ్వానపత్రం, సంఘం చందా రసీదు, బడి ముందు తీసిన గ్రూపు ఫొటో, మున్సిపల్ ఎన్నికల కరపత్రం, రైల్వే సర్వీసు పుస్తకం, ఏదైనా పనికొస్తుంది. ఫొటోలో వెనక వరుసలో నిలబడ్డవాళ్ల పేర్లు చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, కానీ ఎక్కువమంది లేరు. మీలో బోయిగూడ, చిలకలగూడ, బొల్లారం, లాలాగూడ, లింగంపల్లి వైపు వాళ్లుంటే ఈ సభ తర్వాత నా దగ్గరికి రండి. నేనే స్కానర్ పట్టుకుని మీ ఇంటికి వస్తాను. కాగితం మీ ఇంట్లోనే ఉంటుంది, నకలు మాత్రమే నాకు. అమ్మమ్మనో, తాతనో ఒప్పించే పని మీది. మొదటిసారి వెళ్లినప్పుడు ఎవరూ పెట్టె తెరవరు, అది నాకు అలవాటే.

ప్రశ్నలుంటే అడగండి. వర్గీకరణ మీద ప్రశ్న ఉన్నవాళ్లు చివర్లో అడిగితే మంచిది, లేకపోతే మిగతా ప్రశ్నలకు టైం ఉండదు. జై భీమ్.